ఐలాండర్ డైరీ: మా వైండింగు షాపులో రెండింజన్ల విమానం

జనవరి: ఏ విమానం?

మా షాపు పని కాలిపోయిన మోటార్లు విప్పి మళ్లీ తీగ చుట్టడం. రొయ్యల చెరువుల ఏరేటర్లు, తోటల్లో బోరు మోటార్లు, ఇవే ఎక్కువ వస్తాయి. చలికాలంలో పని కాస్త పల్చబడుతుంది. ఆ ఖాళీలో నేనూ, పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివే మా మేనల్లుడూ కలిసి రిమోట్ విమానాలు చేస్తుంటాం. ఒక మోటారువి ఇదివరకే చేశాం, బాగానే ఎగిరాయి. ఈసారి రెండింజన్లది, అదీ నిజంగా ఉన్న విమానాన్ని కొలత ప్రకారం తగ్గించి చెయ్యాలని ఇద్దరం అనుకున్నాం. పెద్ద జెట్ల మీద మాకు మోజు లేదు. పది మంది లోపు ఎక్కి, చిన్న ఊళ్ల మధ్య తిరిగే విమానాలంటేనే ఇష్టం. వాటిలో కంపెనీ పెద్దలు, మంత్రులు తిరిగేవి కొన్ని, టికెట్టు కొనుక్కుని మామూలు జనం ఎక్కేవి కొన్ని.

వాడి మనసంతా బీచ్‌క్రాఫ్ట్ కింగ్ ఎయిర్ మీద ఉంది. అందమైన విమానమే, కాదనను. 1964లో కింగ్ ఎయిర్ 90తో మొదలై, తర్వాత 100, ఆ తర్వాత టీ ఆకారం తోకతో 200, ఆ పైన 300, 350, ఇలా అరవై ఏళ్లుగా ఆ కుటుంబం పెరుగుతూనే ఉంది. కానీ ప్లాను పరుచుకుని కూర్చున్నాక పని ఎంత ఉందో తెలిసింది. రెక్క మొదట్లో వెడల్పు, చివరికి సన్నం. చక్రాలు లోపలికి ముడుచుకోవాలి. తోక ఎక్కడో పైన ఉంటుంది కాబట్టి దాన్ని కదిలించే కడ్డీ నిలువు తోక లోపల్నుంచి పైకి పోవాలి. సెస్నా 402 చూశాం, పైపర్ నవాహో చూశాం. అవీ రెక్క కిందుండి చక్రాలు ముడుచుకునేవే.

అప్పుడు బ్రిటెన్-నార్మన్ ఐలాండర్ బొమ్మ ముందు పెట్టాను. పైన రెక్క, మొదట్నుంచి చివరిదాకా ఒకటే వెడల్పు. బాడీ చదరపు పెట్టె. చక్రాలు ముడుచుకోవు, ఇంజన్ల కిందే కాళ్లు వేలాడుతుంటాయి. వాడు మొహం అదోలా పెట్టాడు. "మావయ్యా, ఇది ఆటోలా ఉంది" అన్నాడు. నాకు మాత్రం ఆ బొమ్మ చూసిన కొద్దీ గౌరవం పెరిగింది, ఎందుకో చెప్తాను.

జాన్ బ్రిటెన్, డెస్మండ్ నార్మన్ అని ఇద్దరు మిత్రులు. ఇంగ్లండ్ దక్షిణ తీరానికి దగ్గర్లో ఐల్ ఆఫ్ వైట్ అనే దీవి ఉంది, అక్కడ బెంబ్రిడ్జ్ అనే ఊళ్లో వాళ్ల కంపెనీ. అంతకుముందు వాళ్లు విమానాలతో పంటలకి మందు కొట్టే వ్యాపారం చేశారు. ఆఫ్రికాలో కామెరూన్‌లో నడిచే ఒక చిన్న విమాన సంస్థలో వాళ్లకి వాటా ఉండేది. అక్కడ చిన్న చిన్న దూరాలకి, మట్టి రన్‌వేల మీద తిరగడానికి సరైన విమానం దొరక్క, సరే మనమే చేద్దాం అని దిగారు. 1965 జూన్ 13న మొదటిది ఎగిరింది. 1967 నుంచి కొన్నవాళ్ల చేతికి వెళ్లడం మొదలైంది. అప్పటి నుంచి ఇప్పటికి పన్నెండు వందలకు పైగా తయారయ్యాయి, వాటిలో వందల కొద్దీ రొమేనియాలో కట్టినవి. మన నౌకాదళం కూడా 1976లో తీసుకుని కొచ్చిలో పెట్టి తీరం నిఘాకీ, శిక్షణకీ వాడింది. అండమాన్‌లోనూ ఎగిరాయి.

దీని ఆలోచన మా కోనసీమ వైపు మనిషికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. సఖినేటిపల్లి రేవులో పంటు కోసం ఎదురుచూసినవాళ్లకి, వంతెన లేక లంక ఊళ్ల నుంచి పడవ మీద పిల్లల్ని బడికి పంపేవాళ్లకి, దగ్గర దూరమే ఎంత పెద్ద దూరమో తెలుసు. స్కాట్లండ్ ఉత్తరాన ఆర్క్నీ దీవుల్లో వెస్ట్రే నుంచి పాపా వెస్ట్రేకి లోగనెయిర్ అనే విమాన సంస్థ వాళ్లు ఈ ఐలాండర్‌నే నడుపుతారు. 2.7 కిలోమీటర్లు, టైం టేబుల్లో రెండు నిమిషాలు. ప్రపంచంలో అన్నిటికన్నా చిన్న రెగ్యులర్ విమాన సర్వీసు అదే. టీచర్లు, పేషెంట్లు, పిల్లలు దాన్లో వెళ్తారు. ఈ మాట చెప్పాక మేనల్లుడు ఇంక కింగ్ ఎయిర్ ఊసెత్తలేదు.

కొలతలు

ఎనిమిదో వంతు అనుకున్నాం. అసలు విమానం రెక్క ఈ చివర నుంచి ఆ చివరకి 14.94 మీటర్లు, పొడవు 10.86 మీటర్లు. ఎనిమిదితో భాగిస్తే రెక్క 187 సెంటీమీటర్లు, పొడవు 136. రెక్క వెడల్పు 25.4 సెంటీమీటర్లు, అంటే సరిగ్గా పది అంగుళాలు. అసలు ప్రొపెల్లరు కూడా రెండు మీటర్లకి కొంచెం అటూ ఇటూ కాబట్టి, మాకు పది అంగుళాల ప్రొపెల్లరు కావాలి. బజార్లో డ్రోన్ల కోసం అమ్మే పది అంగుళాలవి జతగా, ఒకటి కుడికి తిరిగేది, ఒకటి ఎడమకి తిరిగేది, చవగ్గా దొరుకుతాయి. ఈ స్కేలు ఖాయం చెయ్యడానికి అదే ముఖ్యమైన కారణం.

పాత డ్రాయింగుల్లో ఒకచోట రెక్క 45 అడుగులని, మరోచోట 49 అడుగులని ఉంది. వాడు ఏది నిజమని అడిగాడు. రెండూ నిజమే. మొదటి నమూనాకి 210 హార్స్ పవర్ ఇంజన్లు, 45 అడుగుల రెక్క. శక్తి చాలడం లేదని చూసి 260 హార్స్ పవర్ లైకమింగ్ ఓ-540 ఇంజన్లు పెట్టారు, రెక్కని నాలుగడుగులు పెంచారు. అమ్మకానికి వచ్చినవన్నీ ఆ పెంచినవే. మేం 49 తీసుకున్నాం.

ఇంకో హద్దు కూడా పెట్టుకున్నాం. మొత్తం బరువు రెండు కిలోలు దాటకూడదు. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాముల పైన, రెండు కిలోల లోపు ఉన్నది మైక్రో తరగతి, సొంత సరదాకి ఎగరేసుకుంటే పైలట్ లైసెన్సు అక్కర్లేదు. ఎక్కడ ఎగరెయ్యాలో మాత్రం డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాపులో చూసుకోవాలి, ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో కూడా 120 మీటర్ల ఎత్తు దాటకూడదు. కోనసీమంతా చమురు, గ్యాసు బావులు ఉన్న ప్రాంతం, మ్యాపు చూడకుండా ఎవరూ దిగొద్దని గట్టిగా చెప్తున్నాను.

ఫిబ్రవరి: రెక్క

రెక్క థర్మాకోల్. రొయ్యల పెట్టెల థర్మాకోల్ మా దగ్గర గుట్టలుగా దొరుకుతుంది గానీ మందం చాలదు, గుళ్లు కూడా వదులు. పెళ్లి డెకరేషన్లు చేసేవాళ్ల దగ్గర మీటరు పొడవు, అర మీటరు వెడల్పు, రెండంగుళాల మందం షీట్లు ఉంటాయి. అవి తెచ్చాం. సగం రెక్క 93 సెంటీమీటర్లు కాబట్టి మీటరు షీటులో సరిపోతుంది. ముందు అంచుకి ఒక చెక్క పట్టీ, వెనక అంచుకి ఇంకో పట్టీ విడిగా అతికిస్తాం గనక థర్మాకోల్ ముక్క వెడల్పు 22 చాలు, అలా ఒక్క షీటులోనే రెండు వైపుల రెక్కలూ వచ్చేశాయి.

కొయ్యడానికి వేడి తీగ. కాలిపోయిన హీటరు కాయిలు నుంచి నైక్రోమ్ తీగ సాగదీసి, చెక్క విల్లుకి కట్టాను. ఒక చివర స్ప్రింగు ఉండాలి, ఎందుకంటే వేడెక్కితే తీగ సాగుతుంది, స్ప్రింగు లేకపోతే వదులై మధ్యలో జారుతుంది. కరెంటు మా వేరియాక్ నుంచి, అంటే తిప్పితే వోల్టేజి పెరిగే తగ్గే ట్రాన్స్‌ఫార్మరు. అయితే వేరియాక్ నుంచి నేరుగా తీగకి ఇవ్వొద్దు, అది మెయిన్స్ నుంచి విడదీయదు, చెయ్యి తగిలితే ప్రాణానికే ముప్పు. వేరియాక్ తర్వాత 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు పెట్టి, దాని సెకండరీ నుంచి ఇచ్చాను. వేరియాక్ తిప్పుతుంటే వేడి ఎంత కావాలంటే అంత. తీగ ఎర్రబడకూడదు. ఎర్రబడితే థర్మాకోల్ తెగడం మానేసి కరిగిపోయి పెద్ద గాడి పడుతుంది. నల్లగా ఉండగానే, పల్చటి పొగ లేస్తూ, దారాలు దారాలుగా సాగుతూ తెగితే అదీ సరైన వేడి. ఆ పొగ పీల్చకూడదు, అరుగు మీద గాలి తగిలే చోట కోశాం.

అసలు రెక్క అడ్డకోత నాకా 23012 అనే ఆకారం. వెడల్పులో 12 శాతం మందం, అంటే మాకు మూడు సెంటీమీటర్లు. వంపు ఎక్కువగా ఉండేది ముందు అంచు నుంచి 15 శాతం దగ్గరే, దాంతో ముక్కుని కిందికి తిప్పే బలం తక్కువ, తోక మీద భారం తగ్గుతుంది. ఆ ఆకారాన్ని కాగితం మీద గీసుకుని, మా వీధి కార్పెంటరు మేస్త్రీ గారి దగ్గర మిగిలిన సన్‌మైకా ముక్కల మీద అతికించి రెండు టెంప్లేట్లు కోశాం. షీటుకి ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి మేకులతో గుచ్చి, వాటి అంచుల మీద విల్లు జరుపుకుంటూ పోవడమే.

ఐలాండర్ విలువ నాకు చేతితో తెలిసింది ఇక్కడే. కింగ్ ఎయిర్ రెక్క అయితే ఈ చివర టెంప్లేటు పెద్దది, ఆ చివరది చిన్నది. ఇద్దరం చెరో వైపు పట్టుకుని లాగుతుంటే పెద్ద వైపు వాడు వేగంగా, చిన్న వైపు వాడు నెమ్మదిగా, కానీ ఇద్దరూ ఒకేసారి చివరకి చేరాలి. ఒక్కడు ఒక్క క్షణం ఆగినా అక్కడ గాడి పడుతుంది. ఐలాండర్‌కి రెండు టెంప్లేట్లూ ఒకటే. ఒకటి నుంచి పది వరకు గీతలు పెట్టుకుని, వాడు "మూడు, నాలుగు" అని లెక్క చెప్తుంటే ఇద్దరం ఒకటే వేగంతో లాగాం. బయటికి వచ్చిన ముక్క మీద వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకి నిమిరితే ఎక్కడా మిట్టపల్లాలు తగల్లేదు. అసలు ఫ్యాక్టరీలో కూడా ఇంతే కదా. రెక్కంతా ఒకే వెడల్పు ఉంటే లోపలి పక్కటెముకలన్నీ ఒకే అచ్చులో పోతాయి, ఒకటి దెబ్బతింటే ఇంకోటి తెచ్చి పెట్టొచ్చు. దూరపు దీవిలో విమానం రిపేరుకి వస్తే ఆ సుఖమేంటో రిపేర్లు చేసేవాణ్ణి, నాకు తెలుసు.

ఇలాంటి చదరపు రెక్కకి ఇంకో మంచి గుణం ఉంది. వేగం మరీ తగ్గి రెక్క లిఫ్టు (పైకెత్తే బలం) వదిలేసేటప్పుడు, ముందు బాడీ దగ్గర వదులుతుంది, చివర్లు ఇంకా పట్టుకునే ఉంటాయి. విమానాన్ని పక్కకి ఒరిగించే పలకలు, అంటే ఏలెరాన్లు, ఉండేది చివర్లోనే కాబట్టి ఆఖరి దాకా కంట్రోలు ఉంటుంది. చివరికి బాగా సన్నబడే రెక్కలకి చివరే ముందు వదిలే బుద్ధి, దాన్ని సరిచెయ్యడానికి రెక్కని మెలి తిప్పాలి. మాకు ఆ పని లేదు. రెక్కకి పైకి వంపు కూడా లేదు, బల్ల మీద పరిచి తిన్నగా అతికించెయ్యడమే.

స్పారుకి, అంటే రెక్క పొడుగునా బలమిచ్చే దూలానికి, వెదురు బద్దలు. పైన ఒకటి, కింద ఒకటి, గాడి తీసి ఎపాక్సీతో కూర్చాను. రెండు మోటార్ల మధ్య భాగంలో మాత్రం కార్బన్ గొట్టం అడ్డంగా వేశాను, ఎందుకంటే మోటార్లు, చక్రాల కాళ్లు అన్నీ అక్కడే భారం వేస్తాయి. థర్మాకోల్ మీద ఫెవిక్విక్ చుక్క పడినా కరిగిపోతుంది, కొత్తవాళ్లు గుర్తుంచుకోండి.

పైన తొడుగు పుస్తకాలకి అట్టలేసే బ్రౌన్ పేపరు. ఫెవికాల్‌లో నీళ్లు కలిపి, పేపరు తడిపి, ముడతలు లేకుండా పరిచి, అరిచేత్తో లోపలి నుంచి బయటికి తోస్తూ అతికించాం. మా దగ్గర తేమ సంగతి అందరికీ తెలిసిందే. పైవైపు అతికించి మర్నాడు కిందవైపు చేద్దాం అంటే కుదరదు, పేపరు ఆరుతూ బిగుసుకుని రెక్కని అరటాకులా మెలితిప్పేస్తుంది. రెండు వైపులా ఒకే పూట అతికించి, కొయ్యగా వచ్చిన థర్మాకోల్ పైముక్క, కిందిముక్కల మధ్యే దాన్ని పెట్టి, పైన పాత మోటార్ల స్టాంపింగులు (ఇనప రేకులు) బరువేసి ఆరబెట్టాం. ఆ పైముక్కా కిందిముక్కా పారెయ్యకండి, అవే రెక్కకి సరైన పడక. ఆరాక పేపరు మోగుతుంది, గోరుతో కొడితే డప్పు చప్పుడు వస్తుంది.

మోటార్లు

నా సొంత రాజ్యానికి వచ్చాం. ఏ2212 అని బజార్లో అందరికీ తెలిసిన బ్రష్‌లెస్ మోటారు, 1000 కేవీ. కేవీ అంటే కిలోవోల్టు కాదు, వోల్టుకి ఇన్ని చుట్లు అని. 11.1 వోల్టుల బ్యాటరీ మీద ప్రొపెల్లరు లేకుండా నిమిషానికి 11 వేల చుట్లు. ఒకదాన్ని విప్పి చూశాను. మధ్యలో స్టేటరుకి 12 పళ్లు, బయట గిన్నెలో 14 అయస్కాంతాలు. పంటికి 13 చుట్లు, ఎక్కడా ఎనామిల్ గీసుకుపోలేదు. రోజంతా అరచెయ్యంత కాయిళ్లు చుట్టేవాడికి గోరంత పంటి మీద చుట్టిన ఆ తీగ చూస్తే ముచ్చటేసింది.

ఇది కూడా త్రీఫేజు మోటారే. మూడు తీగలు. ఏ రెండు మార్చినా వెనక్కి తిరుగుతుంది, మా చెరువు మోటార్లకి చేసేదే. అసలు ఐలాండర్‌లో రెండు ఇంజన్లూ ఒకే వైపు తిరుగుతాయి, సీట్లో కూర్చుని చూస్తే కుడివైపుకి. మేం మాత్రం ఒకటి కుడికి, ఒకటి ఎడమకి పెట్టాం. ఒకే వైపు తిరిగితే ఆ తిరుగుడు బలం బాడీని రెండో వైపుకి ఒరగదోస్తుంది, చిన్న విమానంలో అది గట్టిగా తెలుస్తుంది. ఎదురుబొదురుగా తిరిగితే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.

మోటారుకి కరెంటు ఇచ్చి వేగం అదుపు చేసే ఈఎస్‌సీలు (స్పీడ్ కంట్రోలర్లు) రెండూ ఇంజన్ల దగ్గర కాకుండా బాడీలో, బ్యాటరీ పక్కనే పెట్టాను. బ్యాటరీ నుంచి ఈఎస్‌సీకి తీగ పొడవైతే లోపలి కెపాసిటర్ల మీద దెబ్బ పడుతుంది. పొడవు పెంచాలంటే ఈఎస్‌సీ నుంచి మోటారుకి వెళ్లే మూడు తీగలు పెంచుకోవాలి, అవి తట్టుకుంటాయి. రెండు ఈఎస్‌సీలూ రిమోట్ సంకేతాలు అందుకునే రిసీవరుకి 5 వోల్టులు పంపిస్తాయి, రెండూ కలిపితే ఒకదానితో ఒకటి పోట్లాడతాయి. అందుకని ఒకదాని ఎర్ర తీగ ప్లగ్గులోంచి పీకి టేపు చుట్టాను. రెండింటికీ వై ఆకారం తీగతో ఒకే థ్రాటిల్, అంటే వేగం పెంచే తగ్గించే మీట.

ఇప్పుడు రెండూ సమానంగా లాగుతున్నాయా? మోటారుని ఎల్ ఆకారం చెక్కకి బిగించి, రెండో చివర కూరగాయలు తూచే డిజిటల్ కాటా మీద ఆనించాం. ఎడమది 810 గ్రాములు, కుడిది 770. రెండు ఈఎస్‌సీలకీ థ్రాటిల్ కాలిబ్రేషన్ చేశాక, అంటే పూర్తిగా పైకి, పూర్తిగా కిందికి ఎంతో ఒకేసారి నేర్పాక, 805, 800 వచ్చాయి. రెండింజన్ల విమానం చేసేవాళ్లు ఈ ఒక్క పని వదలొద్దు.

మార్చి: బాడీ, కాళ్లు

బాడీ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. ఐదు మిల్లీమీటర్ల ఫోమ్ బోర్డు, మధ్యమధ్య ప్లైవుడ్ చట్రాలు, పెట్టె అంతే. తోక కూడా చదరంగానే ఉంటుంది. మేనల్లుడు కిటికీలకి పారదర్శకంగా ఓహెచ్‌పీ షీటు పెట్టి, లోపల సీట్లు చేశాడు. అసలు విమానంలో మధ్యలో నడవడానికి దారి ఉండదు, బాడీ అంత ఇరుకు. సీట్లు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఉంటాయి, బయటి నుంచి తలుపు తీసి ఎవరి వరస దగ్గర వాళ్లు ఎక్కడమే. పైలట్ పక్క సీటు కూడా పాసింజరుదే. అలా తొమ్మిది మంది పడతారు. దారి లేకపోతే బాడీ సన్నం, సన్నమైతే బరువు తక్కువ, గాలి అడ్డం తక్కువ. ఆ ఆలోచన చూస్తే ముచ్చటగా ఉంటుంది.

కాళ్లకి బైకు చక్రం పుల్లలు వంచాను. ఐలాండర్‌కి ఒక్కో వెనక కాలికి రెండేసి చక్రాలు, ముక్కు కింద ఒకటి. దిగేటప్పుడు దెబ్బ ఇంజన్ గూడు ద్వారా నేరుగా రెక్కకి వెళ్తుంది కాబట్టి, గూడు లోపల ప్లైవుడ్ పలక వేసి స్పారుకి దారంతో చుట్టి ఎపాక్సీ పోశాను.

బరువు లెక్క: రెక్క 520 గ్రాములు, బాడీ తోక కలిపి 430, బ్యాటరీ 270, కాళ్లు చక్రాలు 180, మోటార్లు 110, మిగతా సర్వోలు (తోకనీ ఏలెరాన్లనీ కదిలించే చిన్న మోటార్లు), ఈఎస్‌సీలు, తీగలు, రంగు అన్నీ కలిపి 270. బరువు కేంద్రం రెక్క ముందు అంచు నుంచి ఏడు సెంటీమీటర్ల దగ్గర నిలబెట్టడానికి ముక్కులో 90 గ్రాముల సీసం పడింది. మొత్తం 1,870. రెండు కిలోల లోపే. సీట్లు తీసెయ్యరా బరువు తగ్గుతుంది అంటే వాడు ఒప్పుకోలేదు, సరే ఉంచాం.

ఏప్రిల్: నేల మీద

షాపు వెనక సిమెంటు కళ్లంలో విమానాన్ని తాడుతో కట్టి ఫుల్ థ్రాటిల్ ఇస్తే కుడి మోటారు ఒక్కసారిగా గరగరమని ఊగి ఆగిపోయింది. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. మూడు ఫేజుల్లో ఒకటి పోతే మోటారు చేసే చప్పుడే అది, చెరువుల దగ్గర రాత్రిపూట ఫేజు పోతే ఏరేటర్లు ఇలాగే మూలుగుతూ కాలిపోతాయి. మీటరు పెట్టి చూస్తే, కొన్నప్పుడే మోటారు తీగకి అతికించి వచ్చిన బుల్లెట్ కనెక్టరు లోపల టంకం సరిగా పట్టలేదు, పైకి మెరుస్తోంది, లోపల బోలు. మొత్తం ఆరు కనెక్టర్లూ కోసేసి మళ్లీ టంకం పెట్టాను. మీరు ఏ కంపెనీది కొన్నా సరే, కనెక్టరు ఒక్కోటీ లాగి చూసుకోండి.

అదే గాల్లో జరిగి ఉంటే? రెండింజన్ల విమానం అంటే ఒకటి పోయినా రెండోది ఉంటుందనే ధైర్యం చాలామందికి. నిజమే, కానీ ఆ రెండోది ఒక పక్క ఉంది. అది లాగుతుంటే ముక్కు ఆగిపోయిన వైపుకి తిరుగుతుంది, వెంటనే రెక్క కూడా అటే ఒరుగుతుంది. అసలు విమానంలో పైలట్ పని చేసే ఇంజన్ వైపు రడ్డరు (నిలువు తోక మీద ముక్కుని పక్కకి తిప్పే పలక) తొక్కి పట్టి, ఆగిపోయిన ప్రొపెల్లరు రెక్కల్ని గాలికి అంచు చూపేలా తిప్పేస్తాడు, లేకపోతే అది గాలికి అడ్డంగా నిలబడి వెనక్కి లాగుతుంది. వేగం మరీ తక్కువైతే రడ్డరు కూడా చాలదు. మాకు ఆ సౌకర్యాలేవీ లేవు కాబట్టి, పక్కకి తిరిగితే ఆలోచించకుండా రెండూ ఆపేసి గ్లైడులో దించెయ్యాలని నియమం పెట్టుకున్నాం. సిమ్యులేటరులో కుడి ఇంజను నేను చెప్పకుండా ఆపేస్తూ ఉంటే, థ్రాటిల్ కిందికి లాగడం వాడి వేలికి అలవాటయ్యేదాకా చేయించాను.

మే: ఎగిరింది

దాళ్వా కోతలయ్యాక మా ఊరి రైతు ఒకాయన తన చేలో ఎగరేసుకోమన్నారు. వరి దుబ్బులు చక్రాలకి తగులుతాయని అడిగితే, ఆయనే ట్రాక్టరుతో రోలరు తిప్పించి ఒక పట్టీ చదును చేసి పెట్టారు. "ఏవండీ, ఇంతుంటే చాలా, ఇంకాస్త తిప్పించమంటారా?" అని అడిగి మరీ చేయించారు. మూడు పక్కలా కొబ్బరి తోటలు, ఒక పక్క పంట కాలువ, వేసవి కాబట్టి నీళ్లు కట్టేసి ఉంది. ఎండెక్కాక సముద్రం వైపు నుంచి గాలి లేస్తుంది, అది కొబ్బరి చెట్ల మీంచి దాటి చేలోకి దిగేటప్పుడు సుడులు తిరుగుతుంది. అందుకని తెల్లవారగానే మొదలుపెట్టాం.

రిమోట్ మేనల్లుడి చేతిలో. నాకు టెన్షన్, వాడి మొహంలో మాత్రం ఏమీ లేదు. ముందు సగం థ్రాటిల్‌తో నేల మీద అటూ ఇటూ పరుగెత్తించాడు, తిన్నగా పోతోంది. తర్వాత గాలికి ఎదురు తిప్పి నెమ్మదిగా మొత్తం ఇచ్చాడు. రెండు మోటార్లూ ఒకే శ్రుతిలో మోగాయి, ఆ చప్పుడులో తేడా ఉంటే ఊగిసలాట వినిపిస్తుంది, అదేం లేదు. ముక్కు చక్రం లేచింది, ఇంకాస్త దూరం పోయి మొత్తం లేచింది. వాడు లాగలేదు, అదే లేచింది.

"మావయ్యా, కొంచెం ముక్కు పైకెత్తుతోంది."

"ట్రిమ్ కిందికి రెండు నొక్కు, చెట్ల దగ్గర తిప్పకు, ముందే తిప్పు."

చెట్ల కన్నా బాగా ఎత్తుకి వెళ్లాక థ్రాటిల్ సగానికి తగ్గించాడు. ఆ ఆకారం గాల్లో ఎంత బాగుంటుందంటే, పైన పొడవాటి పలకలాంటి రెక్క, కింద నాలుగు చక్రాలు రెండేసి జతలుగా, కిటికీల్లోంచి అవతలి ఆకాశం కనిపిస్తూ, చేను మీద నుంచి కాలువ దాటి మళ్లీ వెనక్కి వచ్చింది. వేగం తగ్గించి, ఎత్తులో ఉండగానే రెక్క ఎక్కడ వదులుతుందో చూశాం. ముక్కు మెల్లగా దించింది, పక్కకి వాలలేదు. చదరపు రెక్క గురించి చదివిందంతా కళ్ల ముందు కనిపించింది. ఐదారు నిమిషాలు తిప్పి, చేను పొడుగునా తిన్నగా దించుతుంటే చివర్లో తేలుతూ చాలా దూరం వచ్చేసింది, పట్టీ చివర దుబ్బుల్లోకి వెళ్లి ఆగింది. కాళ్లు వంగలేదు. బ్యాటరీలో సగానికి పైగా మిగిలింది. మోటార్లు చెయ్యి పెట్టి చూస్తే రెండూ సమానంగా గోరువెచ్చగా ఉన్నాయి.

చేను గలాయన దగ్గరికొచ్చి కిటికీలోంచి సీట్లు చూసి, "నిజం దాంట్లో ఎంత మంది పడతారండీ?" అని అడిగారు. మేనల్లుడు సీట్లు ఒక్కోటీ చూపిస్తూ పైలట్‌తో కలిపి పది మంది అని చెప్పాడు.

ఇంకా ఉన్న పని

అంత దూరం తేలుతూ రావడానికి కారణం ఫ్లాపులు, అంటే దిగేటప్పుడు కిందికి వంచే రెక్క పలకలు, లేకపోవడమే. అసలు దానికి వెనక అంచున పెద్ద ఫ్లాపులు ఉన్నాయి, అవి లేకుండా చిన్న మట్టి రన్‌వేల మీద దిగడం కష్టం. మా రెక్కలో వాటికి చోటు ముందే గీసి ఉంచాం, సర్వోల తీగలు కూడా వేసి ఉన్నాయి. బ్రౌన్ పేపరు కోసి, వెనక పట్టీని విడదీసి, కింది వైపున టేపు కీలు పెట్టాలి. ఇంకో ముప్పై నలభై గ్రాములు పెరుగుతుంది, తూకంలో చోటుంది. మొదట పదిహేను డిగ్రీలే దించి చూస్తాం.

మేనల్లుడు అప్పుడే ట్రైస్లాండర్ అంటున్నాడు. ఐలాండర్ బాడీని పొడిగించి, మూడో ఇంజనుని నిలువు తోక మీద కూర్చోబెట్టిన రకం అది, 1970లో ఎగిరింది, పదిహేడు పద్దెనిమిది మంది పడతారు. రెక్క టెంప్లేట్లు ఇవే పనికొస్తాయి కాబట్టి నేనూ కాదనలేదు. కానీ మూడో మోటారు అంత పైన, అంత వెనక ఉంటే ముక్కులో ఎంత సీసం పొయ్యాలో, రెండు కిలోల లోపు ఎలా ఉంచాలో ముందు కాగితం మీద తేల్చమన్నాను. వాడు ఆ లెక్క చేస్తున్నాడు. నేను ఫ్లాపుల పని మొదలుపెట్టాను, ఎందుకంటే జూన్‌లో కాలువలకి నీళ్లొదిలితే ఆ చేలో సార్వాకి ఆకుమడి పోస్తారు, ఎగరెయ్యడానికి మళ్లీ కోతలయ్యేదాకా ఆగాల్సిందే.